ఒక పేరు, ఇద్దరు వీరులు: ‘ద ఫ్లాష్’ 123వ సంచికలో అతిథి పాత్ర – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక కృతిలోని పాత్ర మరొక కృతిలోకి నడచి రావడం మన సాహిత్య పరిశోధకులకు అపరిచితమైన విషయం కాదు. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పాల కోసం బయలుదేరిన భీమసేనుడికి దారికి అడ్డంగా పడుకొని కనిపించే వృద్ధ వానరం రామాయణంలోని హనుమంతుడే. చలనచిత్రాల రాకతో ‘అతిథి పాత్ర’ అనే మాట తెలుగులో స్థిరపడింది. అయితే సినిమాలో అతిథిగా వచ్చేది నటుడు. అతడు ధరించే పాత్రకు ఆ చిత్రానికి వెలుపల జీవితం ఉండనవసరం లేదు. హనుమంతుడి విషయంలో అతిథిగా వచ్చింది పాత్రే. తన పూర్వకథను, తన కాలాన్ని, శ్రోతల మనస్సులో తనకున్న గౌరవాన్ని వెంటబెట్టుకొని వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో కామిక్ పుస్తకాలు ఈ రెండవ రకం ఆతిథ్యాన్ని నిత్యకృత్యంగా మార్చాయి. ఒక సూపర్ హీరో పత్రికలోకి మరొక సూపర్ హీరో రావడం అక్కడి పాఠకులకు అలవాటైన సంగతి. అటువంటి రాకల్లో చరిత్ర దృష్ట్యా అత్యంత ప్రధానమైనది 1961 సెప్టెంబరు తేదీతో వెలువడిన ‘ద ఫ్లాష్’ 123వ సంచికలోని ‘ఫ్లాష్ ఆఫ్ టూ వరల్డ్స్’ అనే కథ. దీనిని రచించినవాడు గార్డ్‌నర్ ఫాక్స్, చిత్రించినవాడు కార్మైన్ ఇన్ఫాంటినో, సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్. రెండు పత్రికల మధ్య ఏర్పడిన కాలవ్యవధిని రెండు లోకాల మధ్య దూరంగా మార్చడం ద్వారా ఈ కథ ఒక ప్రచురణ సమస్యను పరిష్కరించిందని, ఆ క్రమంలో రచయితకు, పాత్రకు, పాఠకుడికి మధ్య ఉన్న సంబంధాన్ని తిరగరాసిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆతిథ్యానికి వ్యాపార నేపథ్యం

కామిక్ పుస్తకాలలో అతిథి పాత్ర మొదట కళావసరం నుంచి కాక అమ్మకాల అవసరం నుంచి పుట్టింది. 1939లో టైమ్లీ సంస్థ ప్రచురించిన ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచికలో కార్ల్ బర్గోస్ సృష్టించిన హ్యూమన్ టార్చ్, బిల్ ఎవరెట్ సృష్టించిన సబ్‌మెరినర్ వేరువేరు కథల్లో కనిపించారు. 1940లో ఆ పత్రిక ఎనిమిది, తొమ్మిది సంచికల్లో ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. నిప్పుకూ నీటికీ జరిగిన ఆ పోరాటంతో, పక్కపక్క పుటల్లో ఉన్న రెండు కథలు ఒకే నగరంలో జరుగుతున్నాయన్న స్పృహ పాఠకుడికి కలిగింది.

అదే ఏడాది చివర ‘ఆల్ స్టార్ కామిక్స్’ మూడవ సంచికలో జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా ఏర్పడింది. వేరువేరు పత్రికల వీరులు ఒకే బల్ల చుట్టూ కూర్చొని తమ తమ సాహసాలు చెప్పుకొన్న ఆ సంచికకు కథ సమకూర్చినవాడు కూడా గార్డ్‌నర్ ఫాక్సే. ఆ సభ నియమం ఆలోచించదగినది. తన పేరుతోనే ప్రత్యేక పత్రిక పొందిన వీరుడు గౌరవ సభ్యుడై సభ నుంచి తప్పుకోవాలి. 1941లో ‘ఆల్ ఫ్లాష్’ పత్రిక మొదలైనప్పుడు ఫ్లాష్ ఆ విధంగానే తప్పుకొన్నాడు. వీరుడు సభలో కూర్చొనే అర్హతను అతడి పరాక్రమం కాక అతడి పత్రిక స్థితి నిర్ణయించిందన్నమాట. 1952లో ‘సూపర్‌మేన్’ 76వ సంచికలో సూపర్‌మేన్, బ్యాట్‌మేన్ ఒకే ఓడలో ఒకే గదిలో ప్రయాణిస్తూ ఒకరి రహస్యం ఒకరు తెలుసుకొంటారు. రెండేళ్ల తరువాత ‘వరల్డ్స్ ఫైనెస్ట్’ పత్రికలో పుటలు తగ్గినప్పుడు, అప్పటివరకు విడివిడిగా ఉన్న వారి కథలను కలిపి ఒకటే కథ చేశారు.

ఈ ఉదాహరణలన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. అతిథి, ఆతిథేయి ఒకే లోకానికి చెందినవారు. ఒకరు మరొకరి వద్దకు రావడానికి ప్రయాణం చాలు, తాత్త్విక వివరణ అక్కర లేదు. 1961 నాటి ఫ్లాష్ కథకు ఆ సౌలభ్యం లేదు.

రెండు ఫ్లాష్‌లు ఏర్పడిన తీరు

మొదటి ఫ్లాష్ అసలు పేరు జే గ్యారిక్. 1940 జనవరి తేదీతో వచ్చిన ‘ఫ్లాష్ కామిక్స్’ మొదటి సంచికలో గార్డ్‌నర్ ఫాక్స్ రచనతో, హారీ లాంపర్ట్ చిత్రాలతో ఈ పాత్ర పుట్టింది. ప్రయోగశాలలో వెలువడిన ఆవిరి పీల్చి అతివేగం సంపాదించిన విద్యార్థి అతడు. రోమన్ దేవత మెర్క్యురీని తలపించే రెక్కల లోహ శిరస్త్రాణం అతడి గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సూపర్ హీరోలపై ఆసక్తి క్షీణించింది. 1949 ఫిబ్రవరి నాటి 104వ సంచికతో ‘ఫ్లాష్ కామిక్స్’ ఆగిపోయింది. జస్టిస్ సొసైటీ కథల్లో మాత్రం ఫ్లాష్ మరికొంత కాలం సాగి, 1951లో ‘ఆల్ స్టార్ కామిక్స్’ 57వ సంచికతో కనుమరుగయ్యాడు.

1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని వాదిస్తూ గ్రంథం ప్రచురించాడు. అదే ఏడాది ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అనే నియమావళిని విధించుకొన్నారు. నేరకథలు, భయానక కథలు వెనుకబడిన ఆ వాతావరణంలో, 1956లో ‘షోకేస్’ నాలుగవ సంచికలో ఫ్లాష్ అనే పేరు మళ్లీ వెలుగు చూసింది. కాని పేరు పాతదైనా వీరుడు కొత్తవాడు. అతడు పోలీసు శాఖలో శాస్త్రజ్ఞుడైన బ్యారీ ఆలెన్. పిడుగుపాటుకు రసాయనాలు మీద పడి అతడికి వేగం అబ్బింది. రాబర్ట్ కానిగర్ రాసిన ఆ కథలో బ్యారీ ఒక పాత ‘ఫ్లాష్ కామిక్స్’ సంచిక చదువుతూ కనిపిస్తాడు. తన కొత్త పేరును ఆ పుస్తకం నుంచే తీసుకొంటాడు.

1956లో ఆ పాత పుస్తకం పూర్వ కృతికి చేసిన ఒక నమస్కారం మాత్రమే. దాని తర్కఫలితం మాత్రం కఠినమైనది. బ్యారీ లోకంలో జే గ్యారిక్ కల్పిత పాత్ర. చదివిన పుస్తకంలోని వ్యక్తి చదువరి ఇంటికి అతిథిగా రాలేడు. 1959లో బ్యారీకి సొంత పత్రిక వచ్చినప్పుడు దానికి ఒకటవ సంఖ్య ఇవ్వక 105వ సంఖ్య ఇవ్వడం ఈ సమస్యను మరింత జటిలం చేసింది. సంచికల సంఖ్య ఇద్దరినీ ఒకే వంశంగా చూపింది. కథ ఒకరిని మనిషిగా, మరొకరిని బొమ్మగా చూపింది.

కథా నిర్వహణ

‘ఫ్లాష్ ఆఫ్ టూ వరల్డ్స్’ ఒక వినోద ప్రదర్శనతో ఆరంభమవుతుంది. అనాథ బాలల ముందు బ్యారీ తన వేగంతో ఇంద్రజాలం చేస్తుంటాడు. గాలిలోకి తాడు వేసి, దాని వెంట ఎక్కి, శరీరాన్ని అతివేగంగా కంపింపజేసి మాయమవుతాడు. మాయమైనవాడు తిరిగి వేదికపై కనిపించవలసి ఉండగా వేరొక చోట తేలుతాడు. ఆ నగరం పేరు కీస్టోన్ సిటీ. చిన్ననాడు తాను చదివిన కథల్లో జే గ్యారిక్ నివసించిన నగరం అదే. టెలిఫోను డైరెక్టరీలో ఆ పేరు వెదికి, చిరునామా పట్టుకొని ఇంటి తలుపు తట్టగా జే భార్య జోన్ తలుపు తెరుస్తుంది. నడివయసుకు వచ్చిన జే, వీరకృత్యాలు మాని గృహస్థుగా జీవిస్తుంటాడు.

బ్యారీ ఇచ్చే వివరణ ఈ కథకు ఆయువుపట్టు. రెండు భూములు ఒకే స్థలంలో ఉన్నాయి. వాటి కంపన వేగాలు వేరు కనుక ఒకదానికొకటి తగలవు. తన లోకంలో గార్డ్‌నర్ ఫాక్స్ అనే రచయిత జే సాహసాలను రాశాడు. అవి తనకు కలలో వచ్చాయని ఆయన చెప్పేవాడు. నిద్రలో ఆయన మనస్సు ఈ రెండవ భూమితో శ్రుతి కలిసి ఉంటుందని బ్యారీ ఊహిస్తాడు. ఆ పత్రిక 1949లో ఆగిపోయిందని బ్యారీ అనగా, తాను విరమించుకొన్నది ఆ సంవత్సరమే అని జే ఆశ్చర్యపోతాడు. తరువాత ఇద్దరూ కలిసి ఫిడ్లర్, షేడ్, థింకర్ అనే 1940ల నాటి ప్రతినాయకులను ఎదుర్కొంటారు. చివరికి బ్యారీ తన లోకానికి తిరిగి వచ్చి, ఈ వృత్తాంతాన్ని గార్డ్‌నర్ ఫాక్స్‌కు చెప్పి కామిక్ పుస్తకంగా రాయించాలనుకొంటాడు. ఆ పుస్తకం పాఠకుడి చేతిలో ఉన్నదే.

భారతీయ మూలాల ఛాయ

ఈ కథలో భారతీయ ఛాయలు రెండు ఉన్నాయి. తాడు ఎక్కి మాయమయ్యే విద్య మనకు ప్రాచీన పరిచయం. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులు, నేలపై నిలిచి ఉన్న నిజమైన మాయావికీ, కత్తి డాలు పట్టి తాడుపై ఆకాశానికెక్కుతున్నట్లు కనిపించే మాయావికీ భేదాన్ని దృష్టాంతంగా చూపారు. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోనూ ఆకాశానికెక్కిన వీరుడి ఇంద్రజాల కథ ఉంది. అయితే ఫాక్స్‌కు ఇది ఈ గ్రంథాల నుంచి చేరిందని భావించడానికి ఆధారం లేదు. 1890లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక భారతదేశపు తాడు విద్యను చూసినట్లుగా ఒక కల్పిత కథనం ప్రచురించి, కొన్ని నెలల తరువాత అది కల్పితమని ఒప్పుకొంది. సవరణ కన్నా కథనమే లోకంలో నిలిచింది. పాశ్చాత్య వినోద రంగంలో తాడు విద్య ప్రసిద్ధికి ఆ కథనం ముఖ్య కారణం. రెండవ ఛాయ ఫిడ్లర్‌ది. 1940లలో అతడి పూర్వకథ ప్రకారం, సంగీతంతో మనుషులను వశపరచుకొనే విద్యను అతడు భారతదేశపు చెరసాలలో ఒక ఫకీరు వద్ద నేర్చుకొన్నాడు. ఈ రెండూ భారతదేశాన్ని మంత్రతంత్రాల భూమిగా చూసే నాటి ప్రాచ్యవాద దృష్టికి గుర్తులే తప్ప మన సాహిత్య ప్రభావానికి నిదర్శనాలు కావు.

అతిథి ఎవరు, ఆతిథేయి ఎవరు?

పత్రిక బ్యారీది కనుక జే గ్యారిక్ అతిథి. కాని కథలో ప్రయాణం చేసి, పరాయి ఇంటి తలుపు తట్టి, పరిచయం చెప్పుకొన్నవాడు బ్యారీ. పుస్తకంలో అతిథి అయినవాడు కథలో ఆతిథేయి అయ్యాడు. ఈ విపర్యయం యాదృచ్ఛికం కాదు. పాత వీరుడిని కొత్త పత్రికలోకి పిలిపించి ఉంటే అతడు గతం నుంచి తవ్వి తీసిన వస్తువుగా మిగిలేవాడు. కొత్త వీరుడిని అతడి ఇంటికి పంపడం వల్ల, పుస్తకం ఆగిపోయినా ఆ జీవితం ఆగలేదని, పాఠకులు చూడని పన్నెండేళ్లూ అతడు భార్యతో తన ఊళ్లో బతికే ఉన్నాడని స్థిరపడింది. పత్రికల మధ్య ఖాళీగా ఉన్న కాలం ఈ విధంగా జీవితంతో నిండింది.

1949 అనే సంవత్సరం మరొక సూక్ష్మాంశాన్ని బయటపెడుతుంది. పైన చెప్పినట్లు జే గ్యారిక్ 1951 వరకు జస్టిస్ సొసైటీ కథల్లో కనిపించాడు. ఆ కథలను పరిగణిస్తే 1949లో విరమణ పొసగదు. కథ అనుసరించింది పాత్ర జీవితాన్ని కాదు, పాత్ర పేరు మోసిన పత్రిక జీవితాన్ని. ప్రచురణ చరిత్రనే కల్పిత లోకపు చరిత్రగా అంగీకరించిన తీరుకు ఇది స్పష్టమైన సాక్ష్యం.

రచయిత పేరును కథలోకి తేవడం కూడా విచారించదగినదే. ఆనాడు ఆ సంస్థ పత్రికల్లో రచయితల పేర్లు క్రమం తప్పక ముద్రించే ఆనవాయితీ లేదు. అటువంటప్పుడు ఒక పాత్ర నోట రచయిత పేరు పలికించడం ఒక విధంగా సంతకమే. కాని ఆ సంతకానికి ఒక మూల్యం ఉంది. ఈ వివరణ ప్రకారం ఫాక్స్ జే గ్యారిక్‌ను సృష్టించలేదు. ఎక్కడో ఉన్నవాడిని కలలో చూసి రాశాడు. పేరు దక్కిన చోటే కర్తృత్వం జారిపోయి, స్రష్ట లేఖకుడయ్యాడు. ఇన్ఫాంటినో స్థితి ఇంకా భిన్నం. 1940ల చివర జే గ్యారిక్ కథలకు బొమ్మలు వేసినవారిలో ఆయన ఒకడు. తన చేతిమీదుగా సాగిన పాత్రను పన్నెండేళ్ల తరువాత మళ్లీ గీసినా, కలగన్నవారి లెక్కలో చిత్రకారుడికి చోటు దక్కలేదు.

పాఠకుల పాత్ర

ఈ ఆతిథ్యం వెనుక పాఠకుల జ్ఞాపకశక్తి ఉంది. జస్టిస్ సొసైటీ కథలతో పెరిగిన జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్ వంటి వారు ఆ వీరులను తిరిగి తెమ్మని ష్వార్ట్జ్‌కు లేఖలు రాస్తూ వచ్చారు. 1961లో బెయిల్స్ ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమానుల పత్రికను ఆరంభించాడు. ష్వార్ట్జ్ ఇటువంటి లేఖలను తేలికగా తీసుకోకపోవడానికి ఆయన పూర్వరంగం కారణం. 1932లో మిత్రులతో కలిసి ‘ద టైమ్ ట్రావెలర్’ అనే వైజ్ఞానిక కల్పనా అభిమాన పత్రికను నడిపినవాడు ఆయన. తరువాత ఆ రంగపు రచయితలకు ప్రతినిధిగానూ పనిచేశాడు. సమాంతర లోకాల భావన 1934లో మరీ లైన్‌స్టర్ రాసిన ‘సైడ్‌వైజ్ ఇన్ టైమ్’ కథ నాటికే వైజ్ఞానిక కల్పనలో పరిచితమైనది. ఆ భావనను పాత పత్రికల జ్ఞాపకానికి అన్వయించడమే 1961లో జరిగిన కొత్త పని.

ఈ దృష్టితో చూస్తే బ్యారీ ఆలెన్ కూడా ఒక అభిమాన పాఠకుడే. చిన్ననాడు ఇష్టపడిన కథానాయకుడి ఇంటికి వెళ్లి, అతడి చరిత్రను అతడికే అప్పజెప్పినవాడు. బెయిల్స్ వంటి పాఠకులకు తీరని కోరికను కథానాయకుడు వారి పక్షాన తీర్చుకొన్నాడు.

పర్యవసానం

1962లో 129వ సంచికలో, 1963లో 137వ సంచికలో జే గ్యారిక్ మళ్లీ వచ్చాడు. 137వ సంచికలో జస్టిస్ సొసైటీ సభ్యులు సైతం తిరిగి కనిపించారు. 1963లోనే ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 21, 22 సంచికలలో రెండు తరాల బృందాలు కలుసుకొన్నాయి. అక్కడ కొత్త వీరుల లోకానికి ఎర్త్‌వన్ అని, పాత వీరుల లోకానికి ఎర్త్‌టూ అని పేర్లు ఖాయమయ్యాయి. కాలక్రమంలో ముందు పుట్టిన లోకానికి రెండవ సంఖ్య రావడం గమనార్హం. అమ్మకంలో ఉన్న పత్రికల లోకం ఒకటవది, జ్ఞాపకంలో ఉన్న లోకం రెండవది అయింది.

క్రమంగా లోకాల సంఖ్య పెరిగి, కొత్త పాఠకులకు గందరగోళం కలిగిస్తున్నదని సంస్థ భావించింది. 1985–86లో మార్వ్ వుల్ఫ్‌మన్ రచించిన, జార్జ్ పెరెజ్ చిత్రించిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ పన్నెండు సంచికలలో ఆ లోకాలన్నీ ఒకటిగా కుదించబడ్డాయి. లోకాల మధ్య దారి కనుగొన్న బ్యారీ ఆలెన్ ఆ కథలోనే ప్రాణత్యాగం చేశాడు. అప్పటినుంచి కీస్టోన్ సిటీ, సెంట్రల్ సిటీ ఒకే భూమిపై జంట నగరాలయ్యాయి. తరువాతి దశాబ్దాలలో బహులోకాలు మళ్లీ తెరుచుకొన్నాయి. 2015లో ‘ద ఫ్లాష్’ టెలివిజన్ ధారావాహికలోని ఒక భాగానికి ‘ఫ్లాష్ ఆఫ్ టూ వరల్డ్స్’ అనే పేరే పెట్టారు.

కలగన్న రచయితకు ఈ విస్తృతిలో దక్కినది స్వల్పం. ఈ పాత్రలపై హక్కులు ప్రచురణ సంస్థవి. ఒక పాత్ర మరొక పత్రికలోకి సులభంగా రాగలగడానికి న్యాయపరమైన కారణం కూడా అదే. అతిథి, ఆతిథేయి ఇద్దరి యజమాని ఒక్కడే. ఫాక్స్ న్యాయశాస్త్రం చదివి న్యాయవాదిగా అర్హత పొందినవాడు కనుక ఈ స్థితి ఆయనకు తెలియనిది కాదు. 1960ల చివర ఆరోగ్య బీమా వంటి సదుపాయాలు కోరిన సీనియర్ రచయితలలో ఆయన ఒకడు. ఆ తరువాత ఆ సంస్థలో ఆయనకు పని నిలిచిపోయింది. నవలా రచన ప్రధాన వృత్తిగా మిగిలిన ఫాక్స్ 1986 డిసెంబరులో మరణించాడు. ఆయన తెరిచిన లోకాలు మూతపడింది కూడా ఆ ఏడాదే.

హనుమద్భీమ సమాగమంతో పోలిక

ఉపోద్ఘాతంలో పేర్కొన్న సౌగంధిక ఘట్టాన్ని ఇప్పుడు మళ్లీ స్మరించవచ్చు. అక్కడా వేగానికి పేరుపొందిన ఇద్దరు, ఒకే వాయుదేవుడి కుమారులు, ఒక తరం కథ నుంచి మరొక తరం కథలో కలుసుకొంటారు. అక్కడా చిన్నవాడు పెద్దవాడి చరిత్రను ముందే విని ఉన్నవాడు. అక్కడా వచ్చినవాడు భీముడు, స్థానికుడు హనుమంతుడు. ఇక్కడితో పోలిక ఆగుతుంది. పూర్వరూపం చూపమని భీముడు కోరినప్పుడు హనుమంతుడు యుగభేదాన్ని కారణంగా చూపుతాడు. కాలం మారింది కనుక శరీరాలూ శక్తులూ మారాయన్నది అతడి సమాధానం. ఇతిహాసం పాత్రల మధ్య దూరాన్ని కాలంగానే నిలిపి, చిరంజీవిత్వం ద్వారా దాటించింది. కామిక్ పుస్తకం కాలాన్ని ఒప్పుకోలేదు. పత్రికలోని వీరుడు నిత్యయౌవనుడుగా ఉండవలసినవాడు. కనుక కాలాన్ని స్థలంగా మార్చి, కంపన భేదం ద్వారా దాటించింది. మరొక భేదం శ్రోతకు సంబంధించినది. భీముడికి హనుమంతుడు చరిత్ర పురుషుడు. బ్యారీకి జే కల్పిత పాత్ర. మొదటిదానిలో సమాగమం విశ్వాసాన్ని ధ్రువపరుస్తుంది. రెండవదానిలో కల్పనను వాస్తవంగా ప్రకటిస్తుంది.

ముగింపు

‘ఫ్లాష్’ 123వ సంచికలోని అతిథి పాత్రను అమ్మకాల ఉపాయంగా మాత్రమే చూస్తే దాని చారిత్రక స్వభావం బోధపడదు. ఆగిపోయిన పత్రిక, మొదలైన పత్రిక, కొనసాగిన సంచికల సంఖ్య, పాఠకుల జ్ఞాపకం అనే నాలుగు అంశాలు ఒకదానితో ఒకటి పొసగని సందర్భంలో, వాటిని పొసగించడానికి కల్పించిన సమన్వయమే ఈ కథ. పురాణాలలో కథాభేదాలు ఎదురైనప్పుడు మన వ్యాఖ్యాతలు కల్పభేదం చెప్పి సమన్వయించడం మనకు తెలుసు. వ్యాఖ్యాత చేసే ఆ పనిని ఇక్కడ కథకుడే కథలో పాత్ర చేత చేయించాడు. ఆ సమన్వయంలో పాత్రకు కొనసాగింపు, పాఠకుడికి తృప్తి, సంస్థకు విస్తరించదగిన ఆస్తి లభించాయి. రచయితకు లభించింది కథలో ఒక పేరు. జనప్రియ సాహిత్యంలో కర్తృత్వాన్ని పరిశీలించేవారు ఈ లెక్కను విస్మరించరాదు.